కదిలే బిందువు

ఒకటిలో పదోవంతుకు రెండు పదోవంతులు కలిపితే ఎంత అని అడిగితే, మూడు పదోవంతులని ప్రాథమిక పాఠశాల విద్యార్థి సైతం తడుముకోకుండా చెబుతాడు. ఇదే ప్రశ్నను కంప్యూటర్‌కు వేసి చూడండి. నేడు వాడుకలో ఉన్న ప్రోగ్రామింగ్ భాషలలో చాలావాటిలో 0.1 + 0.2 అని రాసి, వచ్చిన విలువను పూర్తిగా చూపమని కోరితే తెరమీద 0.30000000000000004 అని కనిపిస్తుంది. మూడు తరువాత పదిహేను సున్నాలు, వాటి చివర పిలవని పేరంటంలా వచ్చి కూర్చున్న ఒక నాలుగు!

క్షణకాలంలో కోట్లాది లెక్కలు చేయగల యంత్రం ఇంత చిన్న కూడికలో పొరపడిందా? లేదు. తనకు విధించిన నియమాన్ని అది తు.చ. తప్పకుండా పాటించింది. ఆ నియమం ఏమిటో, అది ఎందుకు అవసరమైందో, దాని స్వభావాన్ని మరచినప్పుడు మనుషులు ఎంతటి మూల్యం చెల్లించవలసి వచ్చిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

రెండే గుర్తుల భాష

పద్యానికి గణవిభజన చేసే విద్యార్థికి రెండే రెండు గుర్తులు చాలు. ఒకటి లఘువు, మరొకటి గురువు. ఎంతటి మహాకవి రాసిన పద్యమైనా ఈ రెండు గుర్తుల వరుసగా మారిపోవలసిందే. ఒక అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు రూపాలు, మూడక్షరాలకు ఎనిమిది రూపాలు సాధ్యమవుతాయి. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయన్న ప్రశ్నకు సమాధానం ఇదే. ప్రాచీన లాక్షణికుడైన పింగళుడు తన ఛందశ్శాస్త్రంలో ఈ రూపభేదాలన్నింటినీ ఒక్కటీ విడిచిపోకుండా వరుసగా రాసే పద్ధతిని చెప్పాడు. దానికే ప్రస్తారమని పేరు. అంతమాత్రం చేత కంప్యూటర్ మన పూర్వులకు తెలుసునని చెప్పుకోవడం సరికాదు. రెండు గుర్తులతో అనేక రూపాలను నిర్మించవచ్చుననే ఊహ వారికి పరిచితమని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు. 0, 1 అనే రెండు అంకెలతోనే అంకగణితం మొత్తం నడపవచ్చునని జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ 1703లో ప్రచురితమైన వ్యాసంలో వివరించాడు.

కంప్యూటర్ మెమరీ ఈ రెండు గుర్తుల భాషనే మాట్లాడుతుంది. దానిలోని ప్రతి చిన్న గది రెండు స్థితులలో ఏదో ఒకదానిలో మాత్రమే ఉండగలదు. ఒక స్థితిని 0 అనీ, మరొక స్థితిని 1 అనీ అంటాం. అటువంటి ఒక్కొక్క గదికి బిట్ అని పేరు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఎనిమిది బిట్లతో 256 రూపాలు, ముప్పైరెండు బిట్లతో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 రూపాలు ఏర్పడతాయి. ఈ సంఖ్య ఎంత పెద్దదైనా పరిమితమైనదే. ఈ మాటను గుర్తుంచుకోండి. పాఠమంతా దీనిచుట్టే తిరుగుతుంది.

మనం నిత్యం వాడే దశాంశమానంలో స్థానం ఒకటి ఎడమకు జరిగితే విలువ పది రెట్లు అవుతుంది. ద్విసంఖ్యామానంలో రెండు రెట్లు మాత్రమే అవుతుంది. అందువల్ల 1101 అనే వరుసకు ఎనిమిది, నాలుగు, సున్నా, ఒకటి కలిపి పదమూడు అని అర్థం. బిందువుకు కుడివైపు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అక్కడ స్థానాల విలువలు వరుసగా సగం, పావు, అరపావు, వీసం అవుతూ పోతాయి. మన పెద్దలు కొలతల్లో వాడిన ఈ మాటలు ద్విసంఖ్యామానానికి చక్కగా అతుకుతాయి. ఆరున్నరను 110.1 అని రాస్తాం. నాలుగు, రెండు కలిస్తే ఆరు, బిందువు తరువాతి 1 సగం.

బిందువు ఎందుకు కదలాలి?

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. మెమరీలో 0, 1 తప్ప మరో గుర్తుకు తావు లేదు. బిందువును ఎక్కడ పెట్టాలి? దాని స్థానాన్ని ముందే నిశ్చయించుకోవడం ఒక మార్గం. ముప్పైరెండు గదులలో మొదటి పదహారు పూర్ణభాగానికి, మిగిలిన పదహారు భిన్నభాగానికి అని ఒడంబడిక చేసుకున్నామనుకుందాం. ఇది స్థిరబిందు పద్ధతి. సరళమైనదే కాని, రుణసంఖ్యల మాట అటుంచినా 65,536ను మించిన సంఖ్యకు గాని, ఒకటిలో 65,536వ వంతు కంటె చిన్నదైన భిన్నానికి గాని ఇందులో చోటు లేదు.

మీరు రసాయనశాస్త్రంలో చదివిన అవొగాడ్రో సంఖ్య సుమారు 6.022 × 10²³. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి సుమారు 9.109 × 10⁻³¹ కిలోగ్రాములు. ఒకటి ఊహకందనంత పెద్దది, మరొకటి ఊహకందనంత చిన్నది. అయినా రెండింటినీ మీరు నోటుపుస్తకంలో అరవరుసలో రాస్తున్నారు. అది ఎలా సాధ్యమైంది? బిందువును మొదటి అంకె పక్కకు జరిపి, ఎంత దూరం జరిపామో పది మీద ఘాతాంకంగా గుర్తు పెట్టుకున్నాం. అంకెలను వేరుగా, బిందువు స్థానాన్ని వేరుగా భద్రపరచుకున్నాం. కంప్యూటర్ చేసే పని కూడా సరిగ్గా ఇదే. పది స్థానంలో రెండును వాడటం ఒక్కటే తేడా. బిందువు ఒకచోట నిలవక సంఖ్యను బట్టి కదులుతుంది కనుక దీనిని ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతి అంటారు. మనం చరబిందు పద్ధతి అనవచ్చు.

ఈ ఆలోచన ఒక్కనాటిది కాదు. స్పెయిన్ దేశపు ఇంజనీరు లియొనార్దో తోరెస్ కెవెదో 1914లోనే ఇటువంటి పద్ధతిని ప్రతిపాదించాడు. జర్మనీకి చెందిన కోన్రాడ్ ట్సూజె 1938లో పూర్తిచేసిన జెడ్1 యంత్రంలోనూ, 1941లో నిర్మించిన జెడ్3 యంత్రంలోనూ ద్విసంఖ్యామానంతో దీనిని ఆచరణలో పెట్టాడు.

మూడు గదుల ఇల్లు

తరువాతి కాలంలో కంప్యూటర్లు పెరిగాయి, వాటితోపాటు పద్ధతులూ పెరిగాయి. ఒక సంస్థ రెండును ఆధారంగా తీసుకుంటే మరొక సంస్థ పదహారును తీసుకునేది. ఒకే ప్రోగ్రామ్ రెండు యంత్రాలలో రెండు విధాలైన సమాధానాలు ఇచ్చేది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1985లో ఐ.ఇ.ఇ.ఇ. 754 అనే ప్రమాణం వెలువడింది. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2008లోనూ, 2019లోనూ సవరణలు పొందిన ఆ ప్రమాణాన్నే నేటి కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు అత్యధికంగా అనుసరిస్తున్నాయి.

దాని ప్రకారం ముప్పైరెండు బిట్ల సంఖ్య మూడు గదుల ఇల్లు వంటిది. మొదటి గదిలో ఒకే ఒక బిట్ ఉంటుంది. అది సంఖ్య ధనమా, రుణమా అని చెబుతుంది. రెండవ గదిలో ఎనిమిది బిట్లు ఉంటాయి. అవి ఘాతాంకాన్ని, అనగా బిందువు ఎంత దూరం కదిలిందో చెబుతాయి. మూడవ గదిలోని ఇరవై మూడు బిట్లు సంఖ్యలోని అసలైన అంకెలను దాచుకుంటాయి.

ఆరున్నరను ఈ ఇంట్లో ప్రవేశపెట్టి చూద్దాం. 110.1 అనే రూపంలో బిందువును రెండు స్థానాలు ఎడమకు జరిపితే 1.101 × 2² అవుతుంది. సంఖ్య ధనాత్మకం కనుక మొదటి గదిలో 0. ఘాతాంకం 2. అయితే ఘాతాంకం ఒక్కొక్కప్పుడు రుణాత్మకం కావచ్చు. దానికి మరో గుర్తు పెట్టే అవసరం లేకుండా ప్రతి ఘాతాంకానికి 127 కలిపి రాయాలని నియమం. రెండుకు 127 కలిపితే 129. అది ద్విసంఖ్యామానంలో 10000001. ఇదే రెండవ గది.

మూడవ గదిలో ఒక చమత్కారం ఉంది. బిందువును ఈ విధంగా జరిపినప్పుడు దాని ఎడమవైపు మిగిలేది ఎప్పుడూ 1 మాత్రమే. ద్విసంఖ్యామానంలో సున్నా కాని అంకె అదొక్కటే కదా! ఎప్పుడూ ఉండేదానిని మళ్లీ రాయడం దేనికి? అందువల్ల ఆ 1ని రాయకుండానే ఉన్నట్టు భావిస్తారు. వ్యాకరణంలో అధ్యాహారం వంటిదిది. వాక్యంలో కర్త కనిపించకపోయినా క్రియను బట్టి గ్రహించినట్లు, యంత్రం ఆ మొదటి 1ని గ్రహిస్తుంది. మిగిలిన 101 మాత్రం రాసి, తక్కిన ఇరవై స్థానాలను సున్నాలతో నింపుతుంది. ఆ విధంగా ఆరున్నర సంపూర్ణ రూపం ఇది:

0 10000001 10100000000000000000000

మొదటి 0ని 1గా మారిస్తే అదే రుణ ఆరున్నర అవుతుంది.

ఘాతాంకపు గదిలో అన్నీ 0లు లేదా అన్నీ 1లు ఉన్న రూపాలను ప్రత్యేక ప్రయోజనాలకు కేటాయించారు. సున్నాను, అతి సూక్ష్మమైన సంఖ్యలను మొదటిదానితోనూ, అనంతాన్ని, ‘సంఖ్య కానిది’ అనే విచిత్రమైన ఫలితాన్ని రెండవదానితోనూ సూచిస్తారు. సున్నాను సున్నాతో భాగించమంటే యంత్రం మొరాయించకుండా ‘సంఖ్య కానిది’ అని వినయంగా బదులిస్తుంది.

ఈ ముప్పైరెండు బిట్లతో సుమారు 3.4 × 10³⁸ వరకు సంఖ్యలు రాయవచ్చు. అయితే వాటిలో నమ్మదగిన దశాంశ అంకెలు సుమారు ఏడు మాత్రమే. మరింత నిశితత్వం కావలసినచోట అరవై నాలుగు బిట్లు వాడతారు. అందులో గుర్తుకు 1, ఘాతాంకానికి 11, అంకెలకు 52 బిట్లు. అప్పుడు పదిహేను, పదహారు అంకెల వరకు నమ్మవచ్చు.

పదోవంతు కథ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆరున్నర హాయిగా ఇమిడిపోయింది. మరి పదోవంతు?

ఒక భిన్నాన్ని ద్విసంఖ్యామానంలోకి మార్చడానికి సులభమైన ఉపాయం ఉంది. దానిని రెట్టింపు చేస్తూ పోవాలి. ఫలితం ఒకటికి తక్కువైతే 0 రాయాలి. ఒకటి గాని అంతకు మించి గాని వస్తే 1 రాసి, ఆ ఒకటిని తీసివేయాలి. 0.1 రెట్టింపు 0.2, రాయవలసింది 0. దాని రెట్టింపు 0.4, మళ్లీ 0. ఆపైన 0.8, మళ్లీ 0. ఆపైన 1.6, ఇప్పుడు 1. మిగిలిన 0.6 రెట్టింపు 1.2, మళ్లీ 1. మిగిలింది 0.2. ఈ 0.2ను మనం మొదటే చూశాం! ఇక అదే చక్రం తిరుగుతుంది. 0.000110011001100… అంటూ 0011 అనే వరుస అంతం లేకుండా వస్తూనే ఉంటుంది.

ఇది కంప్యూటర్ లోపం కాదు, ద్విసంఖ్యామానం స్వభావం. దశాంశమానంలో మూడోవంతును రాయబోతే 0.3333… అని అంతు లేకుండా పోతుంది. పదికి ప్రధాన కారణాంకాలు రెండు, ఐదు. హారంలో అవి తప్ప మరొకటి ఉంటే దశాంశ భిన్నం ముగియదు. రెండుకు ఉన్నది రెండు ఒక్కటే. అందువల్ల సూక్ష్మరూపంలో ఉన్న భిన్నపు హారంలో ఐదు కనిపించినా చాలు, ద్విసంఖ్యా భిన్నం ముగియదు. పదిలో ఐదు ఉన్నది కదా!

అంతం లేని వరుసను ఇరవై మూడు గదులలో ఇమడ్చాలంటే ఎక్కడో ఒకచోట తెంచి, చివరి అంకెను సవరించక తప్పదు. అలా సవరించిన తరువాత ముప్పైరెండు బిట్లలో నిలిచేది పదోవంతు కాదు, సుమారు 0.1000000015. అరవై నాలుగు బిట్లలో తేడా ఇంకా చాలా తక్కువ, కాని తేడా తేడాయే. అక్కడ 0.1, 0.2 రెండూ తమ అసలు విలువల కంటె లవలేశం పెద్దవిగా నిలుస్తాయి. 0.3 మాత్రం లవలేశం చిన్నదిగా నిలుస్తుంది. మొదటి రెండింటినీ కలిపి సవరించినప్పుడు ఫలితం 0.3 కోసం కేటాయించిన రూపానికి చేరక, దాని పక్కనే ఉన్న పై రూపానికి చేరుతుంది. చివర కనిపించిన ఆ నాలుగు రహస్యం ఇదే.

మరొక విశేషం గమనించండి. ముప్పైరెండు బిట్ల పద్ధతిలో ఒకటికి, రెండుకు నడుమ ఎన్ని సంఖ్యలున్నాయో, రెండుకు, నాలుగుకు నడుమ కూడా అన్నే ఉన్నాయి. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ పక్కపక్క రూపాల మధ్య ఎడం పెరుగుతుంది. 1 కోటి 67 లక్షల 77 వేల 216 దాటిన తరువాత ఆ ఎడం ఒకటిని మించిపోతుంది. ఆ సంఖ్యకు ఒకటి కలిపితే జవాబు మళ్లీ ఆ సంఖ్యే! సముద్రంలో కాకిరెట్ట అన్న సామెత గణితంలో నిజమయ్యే చోటు అది.

చిన్న దోషం, పెద్ద మూల్యం

ఇంత సూక్ష్మమైన తేడా ఎవరికి పట్టింది అని మీకు అనిపించవచ్చు. మూడు సంఘటనలు చూడండి.

కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982లో ఒక కొత్త సూచీని 1000 విలువతో ప్రారంభించింది. ప్రతి లావాదేవీ తరువాత సూచీని తిరిగి లెక్కించి, బిందువు తరువాత మూడు అంకెలను మించినవాటిని సవరించకుండా కోసివేసేవారు. కోసినది ప్రతిసారీ అణుమాత్రమే. కాని రోజుకు వేలసార్లు కోశారు. 1983 నవంబరు నాటికి సూచీ సుమారు 524కు పడిపోయింది. సరిగా లెక్కిస్తే అది సుమారు 1098 ఉండాలని తేలింది.

1996 జూన్ 4న ఐరోపా దేశాల ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలోనే, బయలుదేరిన నలభై సెకన్లలోపు అదుపుతప్పి ధ్వంసమైంది. అరవై నాలుగు బిట్ల చరబిందు సంఖ్యను పదహారు బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోయారు. ఆ చిన్న గదిలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. ఏరియాన్ 4కు సరిపోయిన ఆ ప్రోగ్రామ్‌ను అంతకంటె వేగంగా పోయే రాకెట్‌లో అలాగే ఉంచడమే ప్రమాదానికి దారితీసింది.

మూడవది మిక్కిలి విషాదకరం. 1991 గల్ఫ్ యుద్ధకాలంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ వద్ద అమెరికా సైన్యం పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థను నిలిపింది. అందులోని గడియారం కాలాన్ని పదోవంతు సెకన్లుగా లెక్కపెట్టేది. వాటిని సెకన్లలోకి మార్చడానికి పదోవంతుతో గుణించేవారు. ఆ పదోవంతును ఇరవై నాలుగు బిట్లలో తెంచి భద్రపరిచారు. అది స్థిరబిందు పద్ధతే అయినా పదోవంతుకు అంతం లేదన్న మూలకారణం ఒకటే. ఒక్కొక్క లెక్కకు వచ్చిన దోషం సెకనులో కోటోవంతు కంటె తక్కువ. కాని ఆ వ్యవస్థ ఆపకుండా నూరు గంటలకు పైగా పనిచేసింది. నూరు గంటలలో ముప్పైఆరు లక్షల పదోవంతు సెకన్లున్నాయి. దోషం సుమారు 0.34 సెకనుకు పెరిగింది. ఆ వ్యవధిలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. ఫిబ్రవరి 25న వచ్చిన స్కడ్‌ను వ్యవస్థ వెతకవలసిన చోట వెతకలేకపోయింది. ఆ క్షిపణి సైనికుల నివాసంపై పడి ఇరవై ఎనిమిది మంది మరణించారు. సరిదిద్దిన ప్రోగ్రామ్ ధహ్రాన్‌కు చేరింది మరునాడు!

దోషాన్ని ఎరిగి మెలగడం

ఈ ఉదంతాలు చదివి చరబిందు పద్ధతిని నిందించడం న్యాయం కాదు. వాతావరణ సూచనలు, వంతెనల నిర్మాణ గణనలు, ఉపగ్రహాల కక్ష్యలు, వైద్యరంగంలోని స్కానింగ్ చిత్రాలు దీని ఆధారంగానే సాధ్యమవుతున్నాయి. కృత్రిమ మేధ వ్యవస్థలలో వేగం కోసం పదహారు బిట్లు, అంతకంటె తక్కువ బిట్ల రూపాలను సైతం వాడుతున్నారు. అక్కడ అంత నిశితత్వం అవసరం లేదని తెలిసి చేసిన నిర్ణయమది. తెలిసి ఒప్పుకున్న దోషానికి, తెలియక మోసిన దోషానికి మధ్య ఎంతో అంతరముంది.

ఆ తెలివిడి ఉన్నవారు కొన్ని జాగ్రత్తలు పాటిస్తారు. రెండు చరబిందు సంఖ్యలు సమానమా అని అడగరు, వాటి తేడా చాలినంత తక్కువగా ఉందా అని అడుగుతారు. డబ్బు లెక్కలను రూపాయల భిన్నాలుగా కాక, పైసలలో పూర్ణసంఖ్యలుగా ఉంచుతారు. లేదా పదినే ఆధారంగా తీసుకునే దశాంశ రూపాలను వాడతారు. అటువంటి రూపాలకు 2008 నాటి సవరణలో ప్రమాణం చోటు కల్పించింది. చిన్నదోషం లక్షలసార్లు పునరావృతమయ్యే చోట, చివరికి అది ఎంతవుతుందో ముందే లెక్కకట్టుకుంటారు.

అలంకారశాస్త్రంలో బింబప్రతిబింబ భావమనే మాట ఉంది. దృష్టాంతాలంకారంలో రెండు వాక్యాలు ఒకదానికొకటి ప్రతిబింబంలా ఉంటాయి, కాని రెండూ ఒకటి కావు. గణితంలోని సంఖ్య బింబమైతే, మెమరీలోనిది దాని ప్రతిబింబం. అద్దం చిన్నదైనందువల్ల ప్రతిబింబంలో అంచులు కొద్దిగా చెదురుతాయి. ఆ అద్దంతోనే ఎన్నో ఘనకార్యాలు సాధించవచ్చు. ప్రతిబింబాన్నే బింబమని భ్రమించిన చోటనే ప్రమాదం పొంచి ఉంటుంది. తెరమీద కనిపించిన ప్రతి అంకెనూ వేదవాక్కుగా స్వీకరించక, అది ఏ నియమంతో, ఎంతవరకు నిజమో అడిగి తెలుసుకోవడం విద్యావంతుల లక్షణం. రేపు మీలో ఒకరు ఒక వంతెనకో, ఒక వైద్యపరికరానికో లెక్కలు వేసే రోజు రావచ్చు. ఆనాడు పదోవంతు కథ మీకు గుర్తుకు రావాలి.